పెట్టే చెయ్యి పిల్లలకు అలవాటు కావాలంటే

ధనుర్మాసపు తెల్లవారుజాముల్లో హరిదాసు వీధిలోకి వచ్చినప్పుడు, మన ఇళ్లలో పెద్దవాళ్లు బియ్యం పళ్లెం తామే పట్టుకుని వెళ్లకుండా ఇంట్లోని చిన్నవాళ్ల చేతికి ఇచ్చి పంపేవారు. హరిదాసు మోకాలి మీద కూర్చుంటే, పిల్లవాడు మునివేళ్ల మీద లేచి ఆయన తల మీది అక్షయపాత్రలో బియ్యం పోసేవాడు. కొన్ని గింజలు పాత్రలో, కొన్ని ఆయన భుజం మీద, కొన్ని ముగ్గులో పడేవి. ఆయన దీవించి పక్కింటికి సాగిపోయేవాడు. ఇప్పుడు విజయవాడ, గుంటూరు వీధుల్లో కొందరు హరిదాసులు మైకు కట్టిన స్కూటరు మీద వస్తున్నారు గానీ, ఆ ఏర్పాటులోని తెలివి మాత్రం చెక్కుచెదరలేదు. ఇచ్చే చెయ్యి పిల్లవాడిది, ఇవ్వడం నెల పొడవునా రోజూ జరిగే పని, ఇచ్చిన తరువాత దాని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరు.

ఈ మధ్య మన ఊళ్లలో బాగా పెరిగిన పుట్టినరోజు సేవను దీని పక్కన పెట్టి చూడండి. కొత్త బట్టలు వేసిన పిల్లవాడిని కారులో ఒక శరణాలయానికి తీసుకువెళ్లి, వరుసగా నిలబెట్టిన పిల్లల ముందు కేకు కోయించి, వాళ్ల చేత పాట పాడించి, ఫోటోలు తీసుకుని గంటలో వచ్చేస్తారు. డబ్బు నాన్నది, ఆలోచన అమ్మది, వంట కేటరింగ్ వాళ్లది. పిల్లవాడు తనదంటూ వదులుకున్నది ఏదీ లేదు. తాను పెట్టేవాళ్ల వైపు పుట్టానని, ఎదుటివాళ్లు పుచ్చుకునేవాళ్ల వైపు పుట్టారని మాత్రం వాడికి బాగా తెలిసివస్తుంది. తల్లిదండ్రుల ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఆ పద్ధతి మానుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

పిల్లలకు ఇవ్వడం అలవడాలంటే కుటుంబం ఎంచుకునే పని చిన్నదిగా, ఇంటికి దగ్గరగా, మళ్లీ మళ్లీ చేసేదిగా ఉండాలి; అందులో పిల్లల సొంత వాటా, వాళ్ల ఆటల సమయం, ఒళ్లు అలిసే శ్రమ ఎంతో కొంత ఉండాలి. ఈ లెక్కన మన ప్రాంతంలో కుటుంబాలు సులువుగా మొదలుపెట్టగల కొన్ని పనులను, వాటిలో వచ్చే చిక్కులతో సహా, ఇక్కడ వివరిస్తున్నాను.

గుప్పెడు బియ్యంతో మొదలు

అన్నం వండే ప్రతిసారీ కొలిచిన బియ్యంలోంచి గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేయడం మన ఇళ్లకు కొత్త కాదు. నాలుగైదేళ్ల పిల్లలకు ఇంతకంటే తగిన మొదటి పని లేదు. ఆ వయసు గుప్పిట్లో సుమారు 30 గ్రాములు పడతాయనుకుంటే, రెండు పూటలా వేసినప్పుడు నెలకు 1,800 గ్రాములు, అంటే రెండు కిలోలకు కాస్త తక్కువ పోగవుతుంది. అక్కయ్యో అన్నయ్యో ఇంకో గుప్పెడు కలిపితే నాలుగు కిలోలకు చేరుతుంది. లోపలి మట్టం కనిపించే గాజు సీసా అయితే పిల్లలు రోజూ దాని పక్కన వేలు పెట్టి చూసుకుంటారు. నాలుగు ఎండు వేపాకులు వేస్తే పురుగు పట్టకుండా ఉంటుంది.

ఇందులో ఒక నియమం తప్పకూడదు. మనం తినే బియ్యమే అందులో పడాలి. ఇంట్లో సన్నబియ్యం వండుకుంటూ, ఇవ్వడానికి మాత్రం ఎవరూ తినని పాత బియ్యం తీస్తే, పిల్లలు ఆ తేడాను మనకంటే ముందే పసిగడతారు. ఈ బియ్యం ఎవరికి చేరాలో కూడా మొదటి రోజే అనుకోవాలి. సీసా నిండిన తరువాత ఎవరికిద్దామా అని వెతకడం మొదలుపెడితే, అది వారాల తరబడి అటక మీదే ఉండిపోతుంది.

డబ్బు విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. సంక్రాంతికి, పుట్టినరోజుకు తాతగారో మేనమామో చేతిలో పెట్టిన నోటు పిల్లవాడి సొంతం. అందులో కొంత తీసి ఇవ్వమని అడగవచ్చు, ఇవ్వనంటే ఊరుకోవాలి. బలవంతంగా తీసిన వంద రూపాయల కంటే, ఆలోచించుకుని తనంతట తాను ఇచ్చిన పది రూపాయలు ఆ పిల్లవాడి మనసులో ఎక్కువ కాలం నిలుస్తాయి. అలాగే, ఇచ్చినందుకు చాక్లెట్లో, ఫోన్ చూసుకునే అరగంటో బహుమతిగా పెట్టకూడదు. ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో అనే శాస్త్రవేత్తలు 20 నెలల పిల్లలతో చేసి 2008లో ప్రచురించిన ప్రయోగంలో, సాయం చేసినప్పుడల్లా బహుమతి అందుకున్న పిల్లలు, ఆ బహుమతి ఆపేశాక, మొదటినుంచీ ఏమీ అందుకోని పిల్లల కంటే తక్కువగా సాయానికి ముందుకు వచ్చారు. సాయం చేయాలన్న కోరిక పసివాళ్లలో ముందే ఉంటుంది; దానికి వెల కడితే అది బేరమవుతుంది.

పక్కింటి మామ్మగారు

సేవ అనగానే బీదవాళ్లను వెతుక్కుంటూ వెళ్లాలన్న అభిప్రాయం మనలో పాతుకుపోయింది. విజయవాడలో పటమట, మొగల్రాజపురం వైపు, గుంటూరులో బ్రాడీపేట, లక్ష్మీపురం వైపు ఏ అపార్ట్‌మెంటులోనైనా చూడండి, పిల్లలందరూ అమెరికాలోనో హైదరాబాదులోనో స్థిరపడి, ఇద్దరే మిగిలిన వృద్ధ దంపతులు ఒక ఫ్లాటులోనైనా ఉంటారు. వాళ్లకు డబ్బుకు లోటుండదు. కరెంటు బిల్లు ఫోనులో కట్టడం, మందుల చీటీ పట్టుకుని షాపుకు వెళ్లడం, మనవడితో వీడియో కాల్ కలపడం, పేపరులోని చిన్న అక్షరాలు చదవడం వాళ్లకు కష్టమవుతుంది. పదేళ్ల పిల్లవాడు ఇవన్నీ చేయగలడు, పైగా మనకంటే చురుగ్గా చేయగలడు.

అయితే అడిగే తీరు పిల్లలకు నేర్పాలి. "మామ్మగారూ, ఏమైనా పని ఉంటే చెప్పండి" అని అడిగితే ఆవిడ "ఏమీ లేదు నాయనా, నువ్వు చదువుకో" అని పంపేస్తారు. మన పెద్దవాళ్లు అడిగిన వెంటనే ఒప్పుకోరు. "నేను మెడికల్ షాపుకు వెళ్తున్నానండీ, మీ చీటీ ఇస్తే మీవి కూడా తెస్తాను" అంటే చీటీ బయటికి వస్తుంది. ఏం కావాలని ఊరికే అడగకుండా, ఫలానా పని చేసి పెట్టనా అని అడగాలన్నమాట. చిల్లర లెక్క తేడా రాకుండా బిల్లు మీదే రాసి ఇవ్వడం, ఇంట్లోకి వెళ్లేముందు చెప్పులు విప్పడం, ఆవిడ చెప్పిన పాత కథనే నాలుగోసారి చెబుతున్నా మధ్యలో లేచి రాకపోవడం కూడా ఈ పనిలో భాగాలే.

వారానికి ఒక రోజు, ఒకే సమయానికి వెళ్లడం మంచిది. ఆదివారం పదింటికి వస్తాడని తెలిస్తే ఆవిడ తొమ్మిదిన్నర నుంచే తలుపు వైపు చూస్తారు, కాబట్టి ఊరికి వెళ్లే వారం ముందుగా చెప్పి వెళ్లాలి. ఆవిడ సున్నుండలు పెడితే పిల్లవాడు మొహమాటపడకుండా తీసుకోవాలి. ఎదుటివాళ్లు తిరిగి ఇచ్చేదాన్ని మర్యాదగా పుచ్చుకోవడం రాని పిల్లలకు ఇవ్వడం కూడా సగమే వచ్చినట్టు.

ఎండాకాలపు పని

మన ఊళ్ల ఎండ సంగతి చెప్పనక్కరలేదు, బెజవాడను బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం వరకు, ముఖ్యంగా రోహిణి కార్తెలో, వీధి చివర ఒక చలివేంద్రం నడపడం కుటుంబమంతా కలిసి చేయగల పనుల్లో అన్నిటికంటే మేలైనదని నేను అనుకుంటాను. బడికి సెలవులు, పెద్ద ఖర్చు లేదు, ఇంట్లో ప్రతి వయసువారికీ ఒక పని దొరుకుతుంది, తాగినవాళ్లు ఎదురుగానే కనిపిస్తారు.

చోటు ఎంచుకునేటప్పుడు పిల్లలను వెంటబెట్టుకుని మధ్యాహ్నం ఒకసారి వీధిలో నడవండి. ఆటోలు ఎక్కడ ఆగుతున్నాయో, కూరగాయల బండివాళ్లు ఏ చెట్టు నీడకు చేరుతున్నారో, బస్సు కోసం జనం ఎక్కడ నిలబడుతున్నారో వాళ్లనే గమనించమనండి. చోటు తేలాక ఆ పక్కనున్న కొట్టు యజమానిని, ఇంటివాళ్లను అడిగి అనుమతి తీసుకోవాలి. రోడ్డు అంచున పెట్టేటట్టయితే వార్డు కార్యాలయంలో ఒక మాట చెప్పి ఉంచాలి.

రెండు పెద్ద కుండలు చాలు. కొత్త కుండను ఒక రాత్రంతా నీళ్లతో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వాడాలి, లేకపోతే మొదటి రోజులు మట్టివాసన వస్తుంది. కుండను ఇసుక పరుపు మీద కూర్చోబెట్టి, చుట్టూ తడి గోనెపట్టా చుట్టి, ఆ పట్టాను పూటకు రెండుసార్లు తడపాలి. కుండ గోడలోంచి ఊరిన తడి ఆవిరవుతూ వేడిని లాక్కోవడం వల్ల నీళ్లు చల్లబడతాయి, అందుకే పొడిగా వడగాలి వీచే రోజున కుండ నీళ్లు జివ్వుమంటాయి, ఉక్కపోసే రోజున అంతగా చల్లబడవు. బడిలో చదివిన సైన్సు పాఠం ఇక్కడ వేలికి తగులుతుంది గనుక పన్నెండేళ్ల పిల్లలు ఈ పనిని ఇష్టంగా చేస్తారు.

నీళ్లు మనం ఇంట్లో తాగేవే పోయాలి. 20 లీటర్ల టిన్ను ఒకటి పావు లీటరు గ్లాసులతో 80 మందికి సరిపోతుంది. మొదటి వారం ఎన్ని టిన్నులు పడుతున్నాయో పిల్లల చేత రాయిస్తే తరువాత ఖర్చు అంచనాకు అందుతుంది. చేతులు నీళ్లలో మునగకుండా పొడుగు కాడ ఉన్న గరిటె కుండకు కట్టి ఉంచాలి, లేదా కుళాయి బిగించిన కుండ కొనాలి. ప్లాస్టిక్ గ్లాసుల జోలికి పోవద్దు, సాయంత్రానికి వీధంతా అవే దొర్లుతాయి. స్టీలు గ్లాసులు, వాటిని కడగడానికి ఒక బకెట్టు, సబ్బునీళ్లు చాలు. రోజూ సాయంత్రం కుండలు ఖాళీ చేసి, లోపల చేతితో రుద్ది కడిగి, బోర్లించాలి. ఈ కడిగే పని పెద్దవాళ్లు పనిమనిషికి అప్పగించకూడదు, ఎందుకంటే నీళ్లు పోసేటప్పుడు నలుగురూ చూస్తారు, కడిగేటప్పుడు ఎవరూ చూడరు, పిల్లలకు నేర్పవలసింది ఆ ఎవరూ చూడని పనే. పదకొండు దాటాక పిల్లలను ఎండలో నిలబెట్టవద్దు. ఉదయం ఏడింటికి నింపి, సాయంత్రం అయిదు తరువాత వచ్చి శుభ్రం చేసుకుంటే వాళ్ల వంతు ముగిసినట్టే. మధ్యలో నింపే పని పెద్దవాళ్లది.

ఆదివారాలు మజ్జిగ పోయాలనుకుంటే, లీటరు పెరుగుకు నాలుగు లీటర్ల నీళ్లు కలిపి, ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు వేసి, పోయడానికి ముందే చిలికి, గంటన్నరలో అయిపోయేటట్టు చూసుకోవాలి. ఆ ఎండకు మజ్జిగ ఎక్కువసేపు ఆగదు.

సత్యనారాయణపురంలో ఒక ఇంటివాళ్లు పెట్టిన చలివేంద్రం దగ్గర ఒక ఆటో ఆయన రెండు లీటర్ల సీసా తెచ్చి నింపుకుంటుంటే, తొమ్మిదేళ్ల అమ్మాయి వాళ్ల నాయనమ్మ దగ్గరికి పరుగెత్తింది. "నాయనమ్మా, ఆయన బాటిల్ నిండా పట్టేసుకుంటున్నాడు, మనవి అయిపోతాయి!" ఆవిడ తమలపాకు ఈనె తీస్తూ, తల ఎత్తకుండానే, "అయిపోతే ఏం చెయ్యాలే?" అంది. "ఇంకో టిన్ను పొయ్యాలి." "మరి పొయ్యి." అమ్మాయి కాసేపు మూతి ముడుచుకుని, తరువాత వెళ్లి వాళ్ల నాన్నను పిలుచుకువచ్చింది. పెద్దవాళ్లకైతే ఇలాంటప్పుడు "సీసాలు నింపరాదు" అని బోర్డు పెట్టాలనిపిస్తుంది. ఎండలో రోజంతా తిరిగే మనిషికి గ్లాసు కంటే సీసాయే అవసరం గనుక, రెండో కుండను సీసాల కోసమే ఉంచితే గొడవ ఉండదు. మన దగ్గర తరిగిపోతుందన్న భయం కలిగే ఆ క్షణంలోనే పిల్లలు ఇవ్వడమంటే ఏమిటో నేర్చుకుంటారు. దాన్ని ఒక ఉపన్యాసంతో పాడు చేయవద్దు.

మొదలుపెట్టేముందు ఎన్నాళ్లు నడపగలమో నిజాయితీగా లెక్కవేసుకోండి. రెండు నెలలు కాకపోతే రోహిణి కార్తె రెండు వారాలే నడపండి. పది రోజులకే ఎండిపోయిన కుండ, దాన్ని నమ్ముకుని సీసా తెచ్చుకోని మనిషికి నష్టమే చేస్తుంది.

నోటు పుస్తకాలు, కథల పుస్తకాలు

ఏప్రిల్ నెలాఖరున బడులు మూసినప్పుడు ప్రతి పిల్లవాడి సంచిలోనూ సగం రాసిన నోటు పుస్తకాలు మిగులుతాయి. అపార్ట్‌మెంటులోని పిల్లలంతా కలిసి ఆ తెల్ల కాగితాలను చించి, రూళ్లవి ఒకవైపు, తెల్లవి ఒకవైపు సర్ది, పాత క్యాలెండరు అట్టలు వేసి, దబ్బనంతో మూడు చోట్ల పొడిచి, గట్టి దారంతో కుట్టుకుంటే చిత్తు పుస్తకాలు తయారవుతాయి. జూన్ 12 నాటికి బడులు తెరుస్తారు కాబట్టి అంతకు వారం ముందే దగ్గరి మున్సిపల్ పాఠశాల ప్రధానోపాధ్యాయులను కలిసి, ఇలాంటివి పనికివస్తాయా అని అడగాలి. అవసరం లేదంటే నొచ్చుకోకూడదు. వాళ్లకు లెక్కల సామగ్రో, గ్రంథాలయానికి కథల పుస్తకాలో కావలసి ఉండవచ్చు.

1914లో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగిన ఊరు బెజవాడ. ఏటా జనవరి మొదట్లో ఇక్కడ జరిగే పుస్తక మహోత్సవానికి వెళ్లినప్పుడు, పిల్లవాడు తనకు కొన్న ప్రతి రెండు పుస్తకాలకు ఒకటి ఆ బడి కోసం తానే ఎంచి కొనాలని ముందే ఒప్పందం చేసుకోండి. తాను చదివి నచ్చిన పుస్తకాన్నే కొననివ్వండి. నీతికథలు కొనమని పక్కనుంచి పోరకండి.

అన్నం పొట్లాల సంగతి

ఇందులో మంచికంటే చెడు జరిగే అవకాశం ఎక్కువ గనుక కాస్త గట్టిగానే చెబుతున్నాను. వండిన అన్నం, కూరలు బయట 2 గంటలకు మించి, 32 డిగ్రీలు దాటిన వేడిలో గంటకు మించి ఉంచకూడదు. మధ్యాహ్నం మిగిలినదాన్ని సాయంత్రం పంచడం సేవ అనిపించుకోదు. వేడి అన్నాన్ని ప్లాస్టిక్ కవర్లో కట్టవద్దు, అరిటాకో విస్తరాకో వాడండి. ఎంతమంది ఉన్నారో, ఏ పూట వాళ్లకు తిండి అందడం లేదో ముందుగా కనుక్కుని, అంతే వండండి. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి దగ్గర రోగులకు తోడుగా పల్నాడు, ప్రకాశం ఊళ్ల నుంచి వచ్చి ఆరుబయట రోజులు గడిపేవాళ్లకు ఏమైనా ఇవ్వాలనుకుంటే, ఆసుపత్రి అధికారులను అడిగి, పిల్లలను వార్డుల్లోకి తీసుకువెళ్లకుండా, అరటిపళ్లు, బిస్కెట్ల వంటి పాడుకాని వస్తువులతో మొదలుపెట్టడం మేలు.

2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు, చుట్టూ నీళ్లున్నా తాగే నీళ్లు కరవైన సంగతి విజయవాడ పిల్లలు కళ్లారా చూశారు. ఆ రోజుల్లో ఎవరికి ఏం అందింది, ఏది అందలేదు అని వాళ్లతో మాట్లాడితే, మనకు ఇవ్వాలనిపించిన వస్తువుకూ ఎదుటివాళ్లకు కావలసిన వస్తువుకూ ఉన్న దూరం వాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. మన ఊళ్లలోని అన్న క్యాంటీన్లను కూడా ఒకసారి చూపించండి. అక్కడ పూట భోజనం 5 రూపాయలు. ఆ అయిదు రూపాయలు కట్టి వరుసలో నిలబడి తినే మనిషి ఎవరి ముందూ చేయి చాచనక్కరలేదని, ఇచ్చే పద్ధతిలోనే ఒక గౌరవం ఉంటుందని పిల్లలకు చెప్పవచ్చు.

ఫోటోలు, ప్రశ్నలు

అన్నదానానికి పేరుపడిన గోదావరి లంకల గన్నవరం ఇల్లాలు డొక్కా సీతమ్మగారు (1841-1909) తన ఫోటో తీయించుకోవడానికి ఎంతకూ ఒప్పుకోలేదని, తీయకుండా వెళితే ఫోటో కోసం వచ్చిన ఉద్యోగికి మాట వస్తుందని తెలిశాకే కూర్చున్నారని చెప్పుకుంటారు. వాట్సాప్ స్టేటస్ పెట్టాలన్న ఉత్సాహం వచ్చినప్పుడు ఈ కథ పిల్లలకు చెబితే సరిపోతుంది. ఫోటో తీసుకునేటట్టయితే కుండదో, కుట్టిన పుస్తకాలదో తీసుకోండి, సాయం అందుకునేవాళ్లది వద్దు. శరణాలయాల్లోని పిల్లల విషయంలో ఇది మర్యాదతో ఆగదు, చట్టం కూడా: 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లలను గుర్తుపట్టేలా పేరు, ఫోటో, చిరునామా వంటివి ప్రచురించడం నేరం, ఆరు నెలల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అదే చట్టం కింద ఇలాంటి గృహాలన్నీ తప్పనిసరిగా నమోదు కావాలి కాబట్టి విరాళం ఇచ్చేముందు నమోదు పత్రం చూపించమని అడగడానికి సంకోచించవద్దు. వీధిలో ఒంటరిగా, ఆపదలో ఉన్న పిల్లలు కనిపిస్తే చిల్లర ఇచ్చి పోకుండా 1098కి ఫోన్ చేయాలని మన పిల్లలకు నేర్పాలి.

ఈ పనుల మధ్య పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "వాళ్లకెందుకు లేదు, మనకెందుకు ఉంది?" "చదువుకోకపోతే నువ్వూ అలాగే అవుతావు" అన్న జవాబు మన ఇళ్లలో నోటికి వచ్చేస్తుంది, దానంత చేటు చేసే జవాబు ఇంకోటి లేదు. గుంటూరు మిరపకాయల సీజనులో తొడిమలు తీసే ఆడవాళ్లు పొద్దున్నుంచి ఘాటులో కూర్చుని పనిచేస్తారు, పని ఉన్న రోజే కూలి, సీజను అయిపోతే ఆ ఆదాయం ఆగిపోతుంది, మధ్యలో ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే అప్పు అవుతుంది అని ఉన్నది ఉన్నట్టు చెబితే ఏడేళ్ల పిల్లకు కూడా అర్థమవుతుంది. పుణ్యం వస్తుందని చెప్పాలా అని కొందరు అడుగుతారు. మీ ఇంటి నమ్మకం అదైతే చెప్పండి. రంజాన్‌కు ఫిత్రా దానం ఇచ్చే ఇంట్లోనూ, గుణదల మేరీమాత తిరునాళ్లలో దాహం తీర్చే ఇంట్లోనూ వాళ్ల నమ్మకం ప్రకారం వాళ్లు చెప్పుకుంటారు. కానీ తీసుకునే మనిషిని పుణ్యం సంపాదించుకునే పనిముట్టుగా చూసే మాట పిల్లల ముందు రానివ్వకండి. వాచ్‌మన్‌ను, చెత్త బండి అమ్మను పిల్లలు "మీరు" అని, "తీసుకోండి" అని పలకాలి. ఇంట్లో మనం వాళ్లను "నువ్వు" అంటుంటే ఇది ఎప్పటికీ కుదరదు.

పిల్లలు విసుగుపడతారు, అది సహజం. అనుకున్న గడువు వరకు పని పూర్తి చేయించి, ఆ తరువాత మానేస్తామన్నా, వేరే పని ఎంచుకుంటామన్నా ఒప్పుకోండి. పదమూడు దాటిన పిల్లలకు మాత్రం కొత్త పనిని వాళ్ల చేతికే పూర్తిగా వదిలిపెట్టాలి: ఏది చేయాలో, ఎవరిని అడగాలో, ఎంత ఖర్చవుతుందో వాళ్లే రాసుకోవాలి, ఇంట్లోవాళ్లకు పనులు పంచేది కూడా వాళ్లే. వాళ్లు మీకు గ్లాసులు కడిగే వంతు వేస్తే కడగండి. డబ్బు లెక్క మాత్రం నెలకోసారి పక్కన కూర్చుని చూడండి.